తెచ్చిన మాత్రను తానే ఆపిన డాక్టరమ్మ గారు

1991 జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన కుటుంబ సంక్షేమ చికిత్సాలయంలో సహాయ వైద్యాధికారిణిగా బాధ్యతలు స్వీకరించిన డాక్టరమ్మ గారు, ఈ నెలాఖరున ప్రధాన వైద్యాధికారిణి హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజున వారికి కేటాయించిన గదిలో ఒక పరీక్ష బల్ల, ఒక కాలు కురచైన కుర్చీ, గోడ మీద ఆగిపోయిన గడియారం ఉండేవనీ, ఆ గడియారాన్ని బాగు చేయించమని కోరడమే వారి తొలి అధికారిక విజ్ఞప్తి అనీ మన పెద్ద సిస్టరు గారు ఇప్పటికీ చెబుతుంటారు. గడియారం బాగుపడలేదు. డాక్టరమ్మ గారు కూడా ముప్పై నాలుగేళ్లు ఆ గదిని వదలలేదు.

అభినందన వ్యాసాలలో మృదుభాషులు కానివారు సాధారణంగా కనిపించరు. డాక్టరమ్మ గారిని కూడా ఆ కోవలో చేర్చి రాస్తే, ఈ సంచికను చదివే సహోద్యోగుల్లో సగం మంది కడుపుబ్బ నవ్వుతారు, తక్కిన సగం మంది అచ్చుతప్పు పడిందనుకుంటారు. వారికి కోపం ముక్కు మీదే ఉండేది. చేతులు కడుక్కోకుండా లోపలికి వచ్చినవారిని, రోగి తలాపున నిలబడి సొంత ముచ్చట్లు చెప్పుకునేవారిని, అన్నిటికంటే ముఖ్యంగా ఎవరైనా నొప్పి అంటే "ఏం కాదులే" అనేవారిని వారు ముఖం మీదే కడిగేసేవారు. అయితే ఆ కోపం రోగి దాకా వెళ్లేది కాదు, భోజన విరామం దాటి నిలిచేదీ కాదు. ఉదయం తిట్లు తిన్నవారికే మధ్యాహ్నం వారి డబ్బాలోని పచ్చడి దక్కేది.

వారు చేరిన నాటికి మన చికిత్సాలయంలో లూపు వేసే పని యంత్రం తిరిగినట్టు సాగిపోతుండేది. గర్భం రాకుండా గర్భాశయంలో అమర్చే ఆ చిన్న పరికరం గురించి రెండు ముక్కలు చెప్పి, బల్ల మీద పడుకోబెట్టి, "చీమ కుట్టినట్టుంటుందమ్మా, అంతే" అని ధైర్యం చెప్పి, పని ముగించి, తరువాతివారిని పిలిచేవారు. ఆ చీమ మాట మొదట ఎవరు అన్నారో తెలియదు గానీ, వైద్యులు మొదలుకొని ఆయాల వరకు అందరి నోటా అదే మాట. కొందరికి నిజంగా ఆ పాటి నొప్పే ఉండేది. వారు లేచి బట్టలు సర్దుకుని, ఇంటికి వెళ్లే దారిలో కూరగాయలు కూడా కొనుక్కునేవారు. మరికొందరికి గర్భాశయ ముఖద్వారం బిగుసుకుని ఉండి, ప్రాణం పోయినంత పనయ్యేది.

చేరిన తొలి ఏడాదిలోనే ఒక యువ ఉపాధ్యాయిని లూపు వేయించుకోవడానికి వచ్చారు. ఆమె కిక్కురుమనకుండా పడుకున్నారు. పని పూర్తయ్యాక చూస్తే, ఆమె తన చేతి మణికట్టును తానే కొరుక్కున్న గాట్లు ఎర్రగా కనిపించాయి.

"ఇంత నొప్పిగా ఉంటే చెప్పొచ్చు కదమ్మా?" అని డాక్టరమ్మ గారు అడిగారు.

"చీమ కుట్టినట్టుంటుందన్నారు కదండీ. అందరూ ఓర్చుకునేదాన్ని నేనొక్కదాన్నే ఓర్చుకోలేకపోతున్నానేమో అనుకున్నా. అరిస్తే నవ్వుతారని..." అని ఆమె తల దించుకున్నారు.

నొప్పి కంటే ఆ సిగ్గు డాక్టరమ్మ గారిని ఎక్కువ బాధించింది. మరునాడు సిబ్బందినందరినీ పిలిచి, "ఈ గదిలో ఇక చీమలు లేవు. ఎవరైనా చీమ మాట ఎత్తితే నేనే కుడతాను" అన్నారు. ఆ రోజు నుంచి ఆ గదిలో రెండు నియమాలు అమలులోకి వచ్చాయి. ఏది తాకబోతున్నా ముందుగా చెప్పాలి. పడుకున్నావిడ చెయ్యి ఎత్తితే, ఎందుకని అడగకుండా, చేస్తున్న పని ఎక్కడికక్కడ ఆపాలి. దీనివల్ల వరుసలు పెరిగాయి, పై అధికారుల నుంచి అక్షింతలు పడ్డాయి. డాక్టరమ్మ గారు ఆ అక్షింతలను దులిపేసుకుని పని చేసుకుపోయారు.

ఆపడం తెలిసింది సరే, అసలు నొప్పిని తగ్గించడం ఎలా అన్నది వారిని చాలాకాలం వేధించిన ప్రశ్న. ప్రసవాల సమయంలో గర్భాశయ ముఖద్వారాన్ని మెత్తబరచడానికి వాడే మాత్ర ఒకటి ఉన్నది. దానిని లూపు వేయడానికి కొన్ని గంటల ముందు ఇస్తే దారి సులువవుతుందనీ, దారి సులువైతే నొప్పి తగ్గుతుందనీ వారికి తోచింది. ఎక్కడా వంక పెట్టడానికి వీలులేని ఆలోచన అది. తగిన అనుమతులు తీసుకుని, గర్భం లేదని నిర్ధారించుకున్నాక, లూపు కోసం వచ్చే ప్రతి స్త్రీకీ ఆ మాత్ర ఇవ్వడం మొదలుపెట్టారు. తమ నొప్పి గురించి ఎవరో ముందే ఆలోచించారన్న ధైర్యంతోనే సగం మంది ముఖాలు వికసించేవి. ఇరుగుపొరుగు చికిత్సాలయాల వైద్యులు శిక్షణకు వచ్చారు, తామూ అదే పద్ధతి పట్టుకున్నారు. ఉప ప్రధాన వైద్యాధికారిణిగా పదోన్నతి వచ్చేనాటికి వారికి 'మాత్రల డాక్టరమ్మ' అన్న పేరు స్థిరపడిపోయింది. పైకి విసుక్కున్నా, ఆ పేరు చెవిన పడితే వారి పెదవి చివర చిన్న నవ్వు మెరవడం దగ్గరివారందరూ గమనించినదే.

ఆ నవ్వుకు గండి కొట్టినవారు వారి స్వంత ఆడపడుచు గారు. బ్యాంకులో పనిచేసే ఆవిడ, వదిన గారి చేతనే లూపు వేయించుకుని, ఆదివారం నాడు భోజనానికి వచ్చారు.

"వదినా, ఒక మాట చెప్తా, కోప్పడకు."

"కోప్పడనులే, చెప్పు."

"నువ్వు లూపు వేసింది నాకు పెద్దగా తెలియనే లేదు. దానికి ముందు మింగించావే ఒక మాత్ర, అదీ నా పేగులు తోడేసింది. వణుకు, కడుపులో మెలి, బాత్రూమ్‌కీ మంచానికీ తిరగడమే సరిపోయింది."

"అంటే మందు పనిచేస్తోందన్నమాట."

"ఎవరికి పనిచేసిందో మరి. నాకైతే లేని నొప్పి తెచ్చిపెట్టింది."

"నీకు ఓర్పు తక్కువ" అనేశారు డాక్టరమ్మ గారు.

అన్న తరువాత ఆ మాట వారి చెవులకే వినిపించింది. ఒకనాడు ఆ ఉపాధ్యాయిని తన మీద తాను వేసుకున్న నిందనే, చీమల్ని గదిలోంచి తరిమేసిన డాక్టరమ్మ గారే, ఇప్పుడు ఇంటి ఆడపిల్ల మీద వేశారు. ఆడపడుచు గారు చిన్నబుచ్చుకోలేదు, పెరుగు వడ్డించుకుని మరో విషయంలోకి వెళ్లిపోయారు. డాక్టరమ్మ గారి కంచంలో అన్నం అలాగే ఉండిపోయిందని వారి భర్త గారు సాక్ష్యం చెబుతారు. సర్వేయరుగా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న ఆయన కొలతలలో గానీ మాటలలో గానీ ఎచ్చుతగ్గులు చూపని మనిషి.

ఆ తరువాత వారు ప్రశ్న మార్చారు. అప్పటిదాకా "లూపు వేసేటప్పుడు ఎలా ఉంది?" అని అడిగేవారు. ఇప్పుడు "ఇక్కడికి వచ్చే ముందు ఎలా ఉంది?" అని కూడా అడగసాగారు. అడిగిన కొద్దీ జవాబులు ఒకే తీరున వచ్చాయి. మాత్ర వేసుకోవడం మరిచిపోయి వచ్చినవారికి అదనంగా కలిగిన కష్టమేమీ లేదు. వేసుకున్నవారిలో చాలామందికి మెలినొప్పి, చలి, వికారం అదనం. ఇతర చోట్ల జరిగిన పెద్ద పరిశీలనలను తెప్పించుకుని చదివారు. అందరికీ అలవాటుగా ఆ మాత్ర ఇవ్వడం వల్ల నొప్పి తగ్గడం లేదనే అవీ చెబుతున్నాయి. ముఖద్వారం చుట్టూ ఇచ్చే మొద్దుబార్చే సూదిమందు ఎందరికో మేలు చేస్తున్నదనీ, మామూలు నొప్పి మాత్రలు లూపు వేసేటప్పుడు అంతగా కాకపోయినా తరువాత వచ్చే మెలినొప్పికి ఉపకరిస్తాయనీ వాటిలో ఉన్నది. తాను తెచ్చిన పద్ధతి, తనకు పేరు తెచ్చిన పద్ధతి, ఇన్నేళ్లుగా ఎందరో స్త్రీలకు ఉత్తపుణ్యానికి బాధ తెచ్చిందని డాక్టరమ్మ గారికి అర్థమైంది. వారు చాలా బాధపడ్డారు.

ఇటువంటి సందర్భంలో ఎవరైనా ఆ మాత్రను మెల్లగా, చడీచప్పుడు లేకుండా పక్కన పెట్టేసి ఊరుకోవచ్చు. డాక్టరమ్మ గారు తాను శిక్షణ ఇచ్చిన వైద్యులందరినీ అదే శిక్షణ మందిరానికి పిలిపించారు. ముందు వరుసలో కూర్చున్న ఒక యువ వైద్యురాలు ఉండబట్టలేక లేచారు.

"మేడమ్, ఇది ఇవ్వమని మాకు చెప్పింది మీరే కదా!"

"చెప్పిందీ నేనే, వద్దంటున్నదీ నేనే. అప్పుడు మంచిదనుకుని చెప్పాను. ఇప్పుడు తెలిసి చెప్తున్నాను. అందరికీ ఇవ్వడం రేపటినుంచి ఆపేయండి. సూదిమందు ఇవ్వడం నేర్పిస్తాను, ఇవాళే మొదలుపెడదాం."

"మరి ఇన్నాళ్లూ ఇచ్చినవాళ్లకి ఏం చెప్పాలి మేడమ్?"

"మళ్లీ వస్తే నిజం చెప్పండి. తిడితే నా పేరు చెప్పండి, వచ్చి నన్ను తిట్టుకుంటారు."

కొందరు నిజంగానే వచ్చి తిట్టారు. డాక్టరమ్మ గారు కుర్చీలోంచి లేచి నిలబడి విన్నారు.

వారు ప్రధాన వైద్యాధికారిణి అయిన తరువాత జరిగిన ఒక సంఘటనను ఇక్కడ చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసే ఒకావిడ మన చికిత్సాలయానికి వచ్చారు. రెండు కాన్పులూ ఆపరేషన్ ద్వారానే జరిగాయి. నెలసరి వచ్చిందంటే రక్తం ధారగా పోయేది, పదిహేను రోజులకు గాని తగ్గేది కాదు. పాలిపోయిన ముఖంతో, డిపో నుంచి నేరుగా, టిక్కెట్ల మిషను మెడలోనే వేలాడుతుండగా వచ్చి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"నిలబడలేకపోతున్నానండీ. బస్సులో కండక్టరే కూలబడితే ప్యాసింజర్లు ఎవరికి చెప్పుకోవాలి? బయట ఒకచోట చూపించుకుంటే గర్భసంచి తీసేద్దామన్నారు. నాలుగు నెలల తరువాతకి తేదీ కూడా ఇచ్చారు."

పరీక్షలన్నీ చేయించి చూడగా, గర్భసంచి తీయవలసినంత జబ్బు ఏదీ కనిపించలేదు. రక్తస్రావాన్ని తగ్గించే మందు నింపిన లూపు వేస్తే ఆ పెద్ద ఆపరేషన్ తప్పిపోయే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ అయితే అప్పటికే తక్కువగా ఉన్న రక్తం మరింత తగ్గుతుంది, నెలల తరబడి బస్సు ఎక్కే వీలుండదు, ఎక్కకపోతే ఆ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పలేం. ఆవిడ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. డాక్టరమ్మ గారు విషయమంతా వివరించారు, ఆవిడ ఒప్పుకున్నారు.

సూదిమందు ఇచ్చాక ప్రయత్నం మొదలైంది. సహజ ప్రసవం ఎరుగని ఆ ముఖద్వారం ఎంతకీ దారి ఇవ్వలేదు. కండక్టరు గారు చెయ్యి ఎత్తారు, డాక్టరమ్మ గారు వెంటనే ఆపారు. లేచి కూర్చున్నావిడకు కళ్లు తిరిగి ముచ్చెమటలు పోశాయి.

"ఇంక నావల్ల కాదు డాక్టరమ్మా. ఆ ఆపరేషనే చేయించేసుకుంటా, పీడా పోతుంది" అని ఆవిడ మంచినీళ్లు తాగి వెళ్లబోయారు.

డాక్టరమ్మ గారు గది గుమ్మం దగ్గర నిలబడిపోయారు. అందరికీ ఇవ్వడం తప్పని తాను ఊరూవాడా చాటిన ఆ మాత్రకు సరైన చోటు ఒకటి మిగిలి ఉందని వారికి తెలుసు. ఒకసారి ప్రయత్నించి, దారి దొరకక ఆగిపోయినవారికి, రెండోసారి ప్రయత్నించే ముందు ఇస్తే అది పనికివచ్చే అవకాశం ఉన్నదని వారు చదివి ఉన్నారు. కానీ ఇస్తే, "మళ్లీ మొదటికొచ్చింది మాత్రల డాక్టరమ్మ" అని నలుగురూ నవ్వుతారు. ఇచ్చాక కూడా కుదరకపోతే, ఈ మనిషికి ఆ మెలినొప్పి కూడా అదనంగా మిగులుతుంది. ఆ రెండో సంగతే వారిని ఎక్కువ వెనక్కి లాగిందని తరువాత వారే చెప్పారు.

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా. ఇంకో దారి ఉంది. ఒక మాత్ర. వేసుకుంటే కడుపులో మెలిపెడుతుంది, చలి వేస్తుంది, వాంతి కూడా కావచ్చు. దానివల్ల లూపు వేయడం కుదురుతుందని ఖాయంగా చెప్పలేను. కుదరొచ్చు, కుదరకపోవచ్చు."

"మీకే తెలీదా?"

"తెలీదు. ఈసారి కూడా కుదరకపోతే నేను మళ్లీ అడగను. మీరు ఆపరేషన్‌కి వెళ్లినా ఒక్క మాట అనను."

కండక్టరు గారు వెనక్కి వచ్చి కూర్చున్నారు.

"ఇన్నాళ్లకి 'తెలీదు' అన్న డాక్టర్ని చూశానండీ. అయితే వస్తా. ఇంకొక్కసారే."

మాత్ర కోసం డాక్టరమ్మ గారు స్వయంగా మందుల గదికి వెళ్లారు. మన ఫార్మసిస్టు గారికి దొరికిందే అవకాశం.

"అదేంటి మేడమ్, మీరే కదా దీన్ని ఈ గుమ్మం తొక్కనివ్వొద్దన్నారు!"

"అందరికీ వద్దన్నాను. ఒక్కరికి కావాలి. నవ్వడం అయిపోతే ఇవ్వండి" అని వారు చెయ్యి చాపారు.

అనుకున్న రోజున కండక్టరు గారు సెలవు పెట్టి ఉదయాన్నే వచ్చారు. ఇంటి దగ్గర ఒంటరిగా బాధపడకూడదని, మాత్రను మన విశ్రాంతి గదిలోనే ఇచ్చి, ప్రధాన వైద్యాధికారిణి గారు తమ ఫైళ్లన్నీ ఆ మంచం పక్కకే తెప్పించుకుని కూర్చున్నారు. చెప్పినట్టే మెలినొప్పి వచ్చింది, చెప్పినట్టే చలి వచ్చింది. పెద్ద సిస్టరు గారు రెండు దుప్పట్లు కప్పారు. మధ్యాహ్నం సూదిమందు ఇచ్చి, అది పూర్తిగా పట్టేదాకా ఆగి, డాక్టరమ్మ గారు మళ్లీ మొదలుపెట్టారు. ప్రతి అడుగూ ముందుగా చెబుతూ వెళ్లారు. ఒకచోట కండక్టరు గారి చెయ్యి బల్ల మీద నుంచి కాస్త లేచింది. డాక్టరమ్మ గారు ఆగిపోయారు.

"ఎత్తలేదండీ, ముక్కు దురద పెట్టింది. కానివ్వండి" అన్నారు కండక్టరు గారు.

లూపు కుదురుగా అమరింది. పెద్ద సిస్టరు గారు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. డాక్టరమ్మ గారు చేతి తొడుగులు విప్పుతూ, గదిలో ఉన్న ప్రతివారినీ ఏదో ఒక కారణానికి తిట్టారు. అది వారి సంతోషమని మనకు తెలుసు.

రక్తస్రావం ఒక్క నెలలో తగ్గలేదు. మొదట్లో చుక్కలు చుక్కలుగా కనిపించి ఆవిడను హడలగొట్టింది కూడా. క్రమంగా తగ్గుముఖం పట్టింది, ఒంట్లో రక్తం పుంజుకుంది, ఆపరేషన్ తేదీ వచ్చిపోయింది. కండక్టరు గారు ఆ తేదీన డ్యూటీకి వెళ్లారు.

తన పని గురించి డాక్టరమ్మ గారు ఇంట్లో చెప్పేది తక్కువ. ఆలస్యంగా వచ్చిన సాయంత్రాలలో భర్త గారు కుక్కరు ఎక్కించి కిటికీ దగ్గర కూర్చునేవారు. ఏకైక కుమార్తె, దంతవైద్యం చదివిన ఆ అమ్మాయి, తన దగ్గరికి వచ్చేవారికి "నొప్పిగా ఉంటే చెయ్యి ఎత్తండి" అని చెప్పడం ఎక్కడ నేర్చుకుందో వేరే చెప్పనక్కరలేదు. పండంటి కుటుంబమనీ, ఆదర్శ దాంపత్యమనీ రాస్తే డాక్టరమ్మ గారికి కోపం వస్తుంది గనుక, ఆ ఇంట్లో వారి మాటకు ఎదురు చెప్పేవారు ఇద్దరున్నారనీ, అది వారి ఆరోగ్యానికి మంచిదనీ చెప్పి ఊరుకుంటున్నాం.

పోయిన నెలలో ఒక సాయంత్రం, కారు మరమ్మతులో ఉండి, డాక్టరమ్మ గారు సిటీ బస్సు ఎక్కారు. బస్సు కిటకిటలాడుతోంది. జనాన్ని తోసుకుంటూ, టిక్కెట్లు కొడుతూ, నోరు పెట్టి అరుస్తూ వస్తున్న కండక్టరు వీరిని చూసి ఆగారు. ఒకనాడు పాలిపోయి ఉన్న ఆ ముఖం ఇప్పుడు కళకళలాడుతోంది. ముందు తలుపు పక్కన కండక్టరు కోసం ఉండే చిన్న సీటు మీది సంచీ తీసి కింద పెట్టారు.

"కూర్చోండి డాక్టరమ్మా."

"అది నీ సీటు కదమ్మా. నీకుండనీ. నేను రెండు స్టాపుల్లో దిగిపోతాను."

"మీరు కూర్చోండి. నేను నిలబడగలను."

కోపిష్టి అయిన మన డాక్టరమ్మ గారు బుద్ధిగా కూర్చున్నారు. దిగవలసిన స్టాపు దాటిపోయినా లేవలేదు. చివరి స్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో వెనక్కి వచ్చారు. దారి పొడుగునా ఆవిడ నిలబడి పనిచేయడం చూస్తూ కూర్చున్నారట. మన చికిత్సాలయం వారికి ఇవ్వబోయే శాలువా, జ్ఞాపిక ఆ సీటుకు సాటిరావని మాకు తెలుసు. ఇన్నేళ్లు ఇతరుల బాధ దగ్గర నిలబడిన డాక్టరమ్మ గారు ఇకనైనా మన మాట విని కాస్త కూర్చోవాలనీ, సంపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబ సభ్యుల ఆప్యాయత నడుమ, తగ్గని కోపంతో నిండు నూరేళ్లు జీవించాలనీ సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం.